మ్యూజియం చేరిన దారం.. మగ్గం దగ్గరే ఆగిన పేరు

2019 వేసవిలో న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ మ్యూజియానికి వెళ్లినవాళ్లకు మనిషి కన్నా ఎత్తయిన ఆకారాలు కొన్ని ఎదురయ్యాయి. రాయి కాదు, కంచు కాదు. రంగులద్దిన జనపనార తాళ్లను ముడి మీద ముడి వేసి చేసినవి. కొన్ని పైనుంచి వేలాడుతున్నాయి, కొన్ని నేల మీద నిలబడ్డాయి. వాటికి 'యక్షి', 'వనశ్రీ' లాంటి పేర్లు. చేసినవారు మృణాళినీ ముఖర్జీ. అమెరికాలో ఆమె కృషి మొత్తాన్ని చూపిన తొలి ప్రదర్శన అదే. అప్పటికి ఆమె చనిపోయి నాలుగేళ్లు.

ఇలాంటి పనిని ఇప్పుడు ఇన్‌స్టలేషన్ అంటున్నారు. అంటే గోడకు తగిలించి ఎదురుగా నిలబడి చూసే బొమ్మ కాదు. గదిలోని ఖాళీని, వెలుతురును కూడా తనలో కలుపుకునేది, చుట్టూ తిరిగి చూడాల్సినది. వస్త్రానికి ఈ గుణం మొదటి నుంచీ ఉంది. చీర మగ్గం మీద బల్లపరుపుగా ఉంటుంది, ఒంటి మీదికి వచ్చాక రూపం మారుతుంది. ఆ మార్పునే మన కళాకారులు గ్యాలరీలోకి తీసుకెళ్లారు.

దీని మూలం మాత్రం గ్యాలరీలో లేదు, ఒక ప్రభుత్వ పథకంలో ఉంది. 1950ల నడుమ కేంద్రం వీవర్స్ సర్వీస్ సెంటర్లు తెరిచింది. మిల్లు బట్ట పోటీకి నలిగిపోతున్న చేనేతకు కొత్త డిజైన్లు అందించడం వాటి పని. పుపుల్ జయకర్ చొరవతో అక్కడ చిత్రకారులకు ఉద్యోగాలిచ్చారు. అర్పితా సింగ్, కాశీ కేంద్రంలో ప్రభాకర్ బర్వే, మద్రాసులో మన ఎం.రెడ్డప్ప నాయుడు.. అందరూ అలా నేతగాళ్ల మధ్యకు వచ్చినవారే. బొమ్మలమ్మి బతకడం కష్టమైన రోజుల్లో నెల జీతం వాళ్లను నిలబెట్టిందన్నదీ నిజమే.

కె.జి.సుబ్రమణ్యన్ 1959 నుంచి 1961 దాకా బొంబాయిలో చేనేత బోర్డు డిజైన్ విభాగంలో పనిచేశారు. నేతగాళ్లకు డిజైన్ నేర్పడానికి వెళ్లిన మనిషి నేత ఆలోచనను మోసుకుని బరోడా కళాశాలకు తిరిగొచ్చారు. కళకూ చేతిపనికీ మధ్య గోడ అక్కర్లేదన్నది ఆయన పాఠం. 1960ల నడుమ న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం స్వయంగా నేత శిల్పాలు కూడా చేశారు. ముఖర్జీ ఆయన శిష్యురాలే. అయితే ఆమె మగ్గం వాడలేదు. ముందుగా స్కెచ్ గీసుకోకుండా, ముడులు వేస్తూ వేస్తూ రూపాన్ని వెతుక్కునేవారు. ఇది శిల్పమా, చేతిపనా అన్న ప్రశ్న ఆమెను చాలాకాలం వెంటాడింది.

మగ్గాన్నే మార్చి చూసినవారు బొంబాయికి చెందిన మోనికా కొరియా. పడుగు దారాలను సమదూరంలో నిలిపేది దువ్వెన లాంటి పన్నె. పేకను బిగదన్నేదీ అదే. మగ్గంలో క్రమశిక్షణంతా దానిదే అనుకోవచ్చు. కొరియా నేత మధ్యలో ఆ పన్నెను తీసేస్తారు. దాంతో అంతదాకా నిటారుగా ఉన్న పడుగు దారాలు వంకర్లు తిరుగుతాయి, విడిపోతాయి, దగ్గరవుతాయి. చీర నేసేవారి దగ్గర అది తప్పు నేత. ఇక్కడ అదే కళ. మగ్గం పని బాగా తెలిసినవారికే ఈ తప్పు చేతనవుతుంది.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. 2019-20 నాటి నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివారు కలిపి 35.22 లక్షల మంది. వారిలో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆదాయం నెలకు 5 వేల రూపాయల లోపే. గణన ముగిసిన ఏడాదే, 2020 జులైలో, కేంద్రం అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి అప్పటికి పట్టుమని రెండు వారాలు కూడా లేదు! హైదరాబాద్, విజయవాడ సహా వీవర్స్ సర్వీస్ సెంటర్లు మాత్రం కొనసాగుతున్నాయి.

చట్టం కూడా ఇద్దరినీ ఒకేలా చూడదు. కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ ప్రకారం ఒక చిత్రమో శిల్పమో 10 వేల రూపాయలకు మించి మళ్లీ అమ్ముడైతే, సృష్టికర్తకు లేదా వారసులకు అందులో వాటా కోరే హక్కుంది. ఆ వాటా 10 శాతం దాటకూడదు. సృష్టికర్త ఎవరంటే కళాకారుడే. అతని ఆలోచనను మగ్గం మీద నేసి ఇచ్చిన వ్యక్తికి దక్కేది ఆ రోజు కూలి. భౌగోళిక గుర్తింపు ఉన్న పోచంపల్లి ఇకత్‌కూ ఇందులో పెద్ద ఆసరా లేదు. ఆ గుర్తింపు పేరును, సరుకును కాపాడుతుంది. ఆ నేతను చూసి పుట్టిన కళాకృతి మీద నేతగాళ్లకు హక్కు ఇవ్వదు.

తానే కూర్చుని ముడి వేసే కళాకారుల విషయంలో ఈ పేచీ లేదు. నేతను ఊళ్లో చేయించి, ప్రదర్శన నగరంలో పెట్టేచోటే వస్తుంది. గ్యాలరీలో కళాకృతి పక్కన చిన్న చీటీ ఉంటుంది. అందులో కళాకారుడి పేరు, ఏడాది, 'నూలు, పట్టు, జరీ' అని ముడిసరుకు రాస్తారు. నేసినవారి పేరు కూడా చేర్చాలంటే మరో వరుస చాలు, ఖర్చేమీ కాదు. కానీ ఆ పేరు పడితే తర్వాతి ప్రశ్న వాటా గురించే వస్తుంది.