మెట్టసీమలో వ్యవసాయోపాధ్యాయుడు

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుండి వచ్చి అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడినది. జిల్లా మారినను నేల స్వభావము మారలేదు. నల్లమలకు తూర్పున నున్న పెద్దారవీడు పరిసరములలో రైతు నేటికిని ప్రధానముగా వానను నమ్ముకొన్నవాడే. కంది, ప్రత్తి, మిరప, సజ్జ, ఆముదము అక్కడి పైరులు. ఇట్టి చోట ఉన్నత పాఠశాలలో వ్యవసాయము బోధించు ఉపాధ్యాయుని పని ఎట్టిదో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

గ్రామీణ పాఠశాలలలో వ్యవసాయ విద్యకు ప్రత్యేక వసతులు కల్పించవలెనని 1952–53 నాటి మొదలియార్ కమిషన్ సిఫారసు చేసినది. తోటల పెంపకము, పశుపోషణ, కుటీర పరిశ్రమలు కూడ అందులో చేరవలెనన్నది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ వేరొక త్రోవ చూపినది. చిన్న వయసు పిల్లలకు ప్రత్యేక వ్యవసాయ పాఠశాలలు వలదనియు, సాధారణ విద్యలోనే పని అనుభవము ద్వారా ఆ పరిచయము కలుగవలెననియు దాని అభిప్రాయము. నేడు సమగ్ర శిక్ష పథకము క్రింద తొమ్మిదవ తరగతి నుండి వ్యవసాయమును వృత్తి విద్యగా నేర్చుకొను అవకాశము కొన్ని బడులలో కలదు. విధానములు ఎన్ని మారినను, ఊరిలో ఈ ఉపాధ్యాయునికి ఎదురగు ప్రశ్న ఒక్కటే. “సేద్యము నుండి తప్పించుటకే గదా వానిని బడికి పంపితిమి, మడక పట్టుట మీరు నేర్పనేల?” అని తండ్రి అడుగును. నా దృష్టిలో ఆ ప్రశ్న న్యాయమైనదే. మడక పట్టుట తండ్రికి బాగుగా తెలియును. తండ్రి చేతిలో లేనిది నేర్పినప్పుడే ఈ ఉపాధ్యాయునికి విలువ.

విత్తనపు మొలక పరీక్షనే తీసికొందము. కొని తెచ్చిన కంది సంచి నుండి ఏరకుండ నూరు గింజలు తీసి, తడిపిన గోనెపట్టాపై వరుసలుగా పేర్చి, చుట్టి నీడన ఉంచవలెను. తడి ఆరకుండ చూచుచు, వారము దినములైన పిదప మొలకలు లెక్కింపవలెను. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఖర్చు లేదు. ధ్రువీకృత కంది విత్తనమునకు కనీసము 75 శాతము మొలక ఉండవలెనన్నది నియమము. నూటికి ఏబదియే మొలిచినచో ఆ సంచిని చేనికి తీసికొనిపోరాదు. మెట్టలో విత్తుటకు పదను దొరకునది కొద్ది దినములే. మొలక రాలేదని గుర్తించునప్పటికి ఆ పదను ఆరిపోవును. మరల విత్తుటకు మరియొక వాన కావలెను, మరియొక అప్పు కూడ కావలెను. “నాయనా, ఈ విత్తనము వేయవద్దు, నూటికి ఏబదియే మొలిచినవి” అని ఎనిమిదవ తరగతి పిల్లవాడు లెక్క చూపి చెప్పగలుగుట చిన్న సంగతి కాదు.

చిక్కంతయు తేదీలలో ఉన్నది. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో ప్రవేశించును. బడులు జూన్ 12 ప్రాంతమున తెరచెదరు. మొలక పరీక్ష అంతకు ముందే ముగియవలెను. మట్టి నమూనాలు తీయుటకు కూడ చేను ఖాళీగా నుండు వేసవియే తగిన కాలము. పొలములో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో మిగుల్చుకొనవలెను. కావున ఈ ఉపాధ్యాయునికి వేసవి సెలవులు పేరుకు మాత్రమే సెలవులు.

ఇక బడితోట. ఈ ప్రాంతపు భూగర్భజలములకు ఫ్లోరైడు దోషము కలదు. త్రాగునీటికే ఇబ్బందియైన చోట మొక్కలకు నీరెక్కడిది? దొరికిన నీటితో పెంచిన మొక్కలను కంచె సందున దూరిన మేకలు ముగించును. (మేకలకు పాఠశాల నియమావళి వర్తింపదు.) ఇట్టి ఇబ్బందికి అమెరికాలో 1908 ప్రాంతమున రూఫస్ స్టిమ్సన్ అను విద్యావేత్త ఒక మార్గము చూపెను. బడిలో చెప్పిన పాఠమును విద్యార్థి తన ఇంటి పొలములోనే ఆచరించును. ఉపాధ్యాయుడు అక్కడికి వెళ్లి చూచును. 1917 నాటి స్మిత్–హ్యూస్ చట్టము ఏడాదికి కనీసము ఆరు నెలల అట్టి సాధనను తప్పనిసరి చేసినది. మన కంది పైరు కాలము కూడ ఇంచుమించు అంతే. జూన్, జూలైలలో విత్తిన చేను సంక్రాంతి నాటికి కోతకు వచ్చును. ఒక పైరు మొదలు తుది ఒకే విద్యా సంవత్సరములో చూపవచ్చును.

అయితే భూమి లేని కూలివారి బిడ్డ ఏ పొలములో సాధన చేయవలెను? స్టిమ్సన్ పద్ధతిలో నాకు కనబడు లోపమిదియే. ప్రత్తి తీత, మిరపకోతల దినములలో ఆ బిడ్డలే, ముఖ్యముగా ఆడపిల్లలు, బడి మానుదురు. హాజరు పట్టీ చూచి ఏ పైరు చేతికి వచ్చినదో ఉపాధ్యాయుడు చెప్పగలడు. మొలక పరీక్షకు మాత్రము భూమి అక్కరలేదు. ఆ పిల్లలచేత పొరుగు రైతు విత్తనమును పరీక్షింపజేయవచ్చును.

శ్రీశైలము నుండి కృష్ణా జలములను నల్లమల క్రింది సొరంగముల ద్వారా ఈ సీమకు తెచ్చుటకై వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగినది. ఆ నీరు చేనికి చేరినచో పాఠములు కూడ మారవలెను. తడి ఎన్ని దినములకు పెట్టవలెను, మురుగు ఎటు పోవలెను, అతిగా నీరు పెట్టిన నేల చవుడు బారుట ఎట్లు అనునవి ఇన్నాళ్లు ఆకాశము వైపు చూచిన పిల్లలకు మొదటినుండి చెప్పవలసియుండును.