వార్తల్లో పదం: ఆండ్రోజన్ రిసెప్టర్

పాతికేళ్లు దాటినా మొటిమలు తగ్గని మహిళల్లో చాలామందికి హార్మోన్ రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. అంతమాత్రాన హార్మోన్ల ప్రమేయం లేదనుకోవడం పొరపాటు. రక్తంలో ఆండ్రోజన్ (టెస్టోస్టిరాన్ వంటి పురుష హార్మోన్) ఎంతుందన్నది సగం సంగతే. చర్మం దానికి ఎంతగా స్పందిస్తుందన్నది మిగతా సగం. చర్మంలోని నూనె గ్రంథులు టెస్టోస్టిరాన్‌ను మరింత శక్తిమంతమైన డీహెచ్‌టీగా మార్చుకుంటాయి. అది కణంలో ఈ హార్మోన్ల సంకేతాన్ని అందుకునే ఆండ్రోజన్ రిసెప్టర్‌కు అతుక్కోగానే నూనె ఊరడం పెరుగుతుంది. పుట్టుకతోనే ఈ రిసెప్టర్ పూర్తిగా పనిచేయనివారిలో టెస్టోస్టిరాన్ పురుషుల స్థాయిలో ఉన్నా మొటిమలు రావు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన క్లాస్కోటెరోన్ క్రీమ్ గురిపెట్టేదీ ఈ రిసెప్టర్‌నే.

మరి రక్తపరీక్ష దండగేనా? కాదు. నెలసరి గతి తప్పినా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నా పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉందేమో తేల్చుకోవడానికి అది కావాలి. మొటిమలకు హార్మోన్ ఒక్కటే కారణమా అంటే అదీ కాదు. చర్మరంధ్రాలు పూడుకుపోవడం, బ్యాక్టీరియా, వాపు తోడవుతాయి. అయినా ఆండ్రోజన్‌కు అడ్డుపడే స్పైరోనోలాక్టోన్ మాత్ర ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేసిందని ఇంగ్లండ్, వేల్స్‌లలో 410 మంది మహిళలతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం తేల్చింది. గర్భిణులు మాత్రం దాన్ని వాడకూడదు. కాబట్టి నార్మల్ రిపోర్టు చూసి వైద్యం ఆపేయకూడదు. చర్మవైద్యులు రిపోర్టుతోపాటు రోగి చర్మాన్నీ, లక్షణాలనూ చూసి నిర్ణయించాలి.