మాటకు చోటిచ్చిన అంగడి

అంగడికి వచ్చిన మనిషి సరుకు కొన్న మరుక్షణమే వెళ్ళిపోడు. ధరవరలు విచారిస్తాడు. తోటి కొనుగోలుదారుతో నాలుగు మాటలు మాట్లాడతాడు. తాను విన్నది చెప్పి, తనకు తెలియనిది తెలుసుకుంటాడు. ఈ సంభాషణను వట్టి కాలక్షేపమని విసుగుకొనే వర్తకులు కొందరైతే, దానికి నీడనిచ్చి ఆదరించే వర్తకులు మరికొందరు. ఈ రెండవ కోవకు చెందిన ఒక చిన్న వ్యాపారి కొట్టు, కాలక్రమాన ప్రపంచ ప్రసిద్ధమైన బీమా విపణిగా పరిణమించింది. ఆ వ్యాపారి పేరు ఎడ్వర్డ్ లాయిడ్. ఆయన లండన్ నగరంలో కాఫీ అమ్ముకొని జీవించిన సామాన్యుడు.

లండన్‌లో మొదటి కాఫీశాల 1652లో వెలసింది. అనతికాలంలోనే నగరమంతటా అటువంటి శాలలు వ్యాపించాయి. ఒక పెన్నీ చెల్లించిన వారెవరైనా లోపలికి వచ్చి, బల్ల ముందు కూర్చొని, కాఫీ సేవిస్తూ వార్తలు వినవచ్చు, వాదప్రతివాదాలు చేయవచ్చు. అందుచేత వాటికి ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అనే పేరు వచ్చింది. మన పల్లెల్లో రచ్చబండ నిర్వహించిన పాత్రనే ఆ నగరంలో కాఫీశాల నిర్వహించిందనవచ్చు. ప్రజలు గుమిగూడి రాజ్య వ్యవహారాలు చర్చించడం రెండవ ఛార్లెస్ రాజుకు రుచించలేదు. 1675 డిసెంబరులో కాఫీశాలలను మూసివేయాలని ఆయన శాసించాడు. ప్రజల నిరసన తీవ్రం కావడంతో, అమలుకు రాకముందే ఆ శాసనాన్ని ఉపసంహరించుకోవలసి వచ్చింది.

లాయిడ్ కాఫీశాల ప్రస్తావన 1688 ప్రాంతంలో మొదటిసారిగా కనిపిస్తుంది. అది థేమ్స్ నది రేవులకు సమీపాన, టవర్ వీధిలో ఉండేది. ఓడల యజమానులు, నావికులు, సముద్ర వర్తకులు అక్కడికి వచ్చేవారు. వారికి కావలసింది కాఫీ ఒక్కటే కాదని లాయిడ్ గ్రహించాడు. ఏ ఓడ ఏ రేవు చేరింది? ఏ ఓడ తుపానులో చిక్కింది? ఏ సముద్రంలో శత్రునౌకలు సంచరిస్తున్నాయి? ఈ సమాచారమే వారికి ప్రాణం. లాయిడ్ రేవుల నుండి వార్తలు సేకరించి వారికి అందజేయసాగాడు. 1691లో కొట్టును వర్తక కేంద్రమైన లోంబార్డ్ వీధికి మార్చాడు. అక్కడ ఒక ఎత్తైన వేదికను అమర్చి, దానిపై నుండి ఓడల వార్తలు చదివించే ఏర్పాటు చేశాడు. కొవ్వొత్తి వెలిగించి, అది నిర్ణీత మేరకు కాలేలోగా ఓడలను వేలం వేసే ఆచారమూ ఆ శాలలో సాగేది.

1696లో ఆయన వారానికి మూడుసార్లు వెలువడే వార్తాపత్రికను ప్రారంభించాడు. మరుసటి సంవత్సరమే ప్రభువుల సభకు సంబంధించిన ఒక వార్త పాలకులకు ఆగ్రహం కలిగించగా, పత్రికను నిలిపివేశాడు. పత్రిక ఆగినా శాలలో సంభాషణ ఆగలేదు. ఆయన 1713లో మరణించిన తరువాత కూడా వర్తకులు ఆ చోటును విడువలేదు. 1734లో ఆయన పేరుతోనే వెలువడిన ఓడల సమాచార పత్రిక, 2013లో ముద్రణ మానివేసినా, నేటికీ అంతర్జాలంలో కొనసాగుతున్నది.

ఆ బల్లల వద్దనే సముద్ర బీమా వర్ధిల్లింది. వెయ్యి పౌండ్ల సరుకుతో ఓడ బయలుదేరుతున్నదనుకుందాం. అది మునిగితే యజమాని సర్వం కోల్పోతాడు. అందుచేత అతడు ప్రయాణ వివరాలు గల పత్రాన్ని పట్టుకొని బల్ల బల్లకూ తిరిగేవాడు. ఒకరు వంద, మరొకరు రెండు వందలు, ఇట్లా తలా కొంత నష్టానికి పూచీపడి, ప్రతిఫలంగా కొంత రుసుము తీసుకొని, పత్రం అడుగున సంతకాలు చేసేవారు. ఒక్కని నెత్తిన పడవలసిన భారం పదిమందికీ పంచబడేది. పూచీపడేవారికి ఓడ దృఢత్వం, నాయకుని నేర్పు తెలియాలి. ఆ జ్ఞానం చుట్టూ సాగే మాటలలోనే లభించేది.

అయితే అదుపులేని గోష్ఠి అపమార్గం పడుతుందనడానికి కూడా ఆ శాలయే నిదర్శనం. కాలక్రమాన జూదరులు అందులో ప్రవేశించారు. వ్యాధిగ్రస్తులైన ప్రముఖులు ఎంతకాలం జీవిస్తారన్న దానిపై సైతం బీమా పేరిట పందెములు కాయసాగారు. దీనిని సహించలేని వర్తకులు 1769లో విడిపోయి, థామస్ ఫీల్డింగ్ అనే పరిచారకుని ఆధ్వర్యాన కొత్త శాలను నెలకొల్పుకొన్నారు. 1771లో 79 మంది సభ్యులు తలా వంద పౌండ్లు వేసుకొని, ఒక సంఘాన్ని ఎన్నుకొని, నిర్వహణను తామే స్వీకరించారు. 1774లో వారి నివాసం రాయల్ ఎక్స్ఛేంజి భవనానికి మారింది. తనకు సంబంధం లేని ప్రాణంపై బీమా చేయడాన్ని అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు నిషేధించింది.

ఆ చరిత్రలో మాయని మచ్చ కూడా ఉన్నది. ఆఫ్రికా నుండి బానిసలను చేరవేసే ఓడలకు ఆ విపణిలో బీమా లభించింది. మనుషులను సరుకుగా లెక్కకట్టిన ఆ వ్యాపారంలో తన పాత్రకు ఆ సంస్థ 2020లో క్షమాపణ చెప్పుకొన్నది. సభలో పదిమంది కూర్చున్నంత మాత్రాన ధర్మం నిలవదు. సభలో చోటు దొరకని వారి గోడును తలచుకొనే మనస్సు కూడా ఉండాలి.

నేటికీ లండన్‌లోని ఆ సంస్థ భవనంలో ఎర్రకోటు ధరించిన ఉద్యోగులను ‘వెయిటర్లు’ అనే పిలుస్తారు. కాఫీ అందించిన నాటి పరిచారకుల జ్ఞాపకం అట్లా నిలిచి ఉన్నది. లాయిడ్ గొప్ప ధనవంతుడు కాడు, బీమా శాస్త్రవేత్త అంతకన్నా కాడు. తన అంగడికి వచ్చినవారికి ఏమి కావాలో ఆలకించాడు, కూర్చొనడానికి చోటిచ్చాడు, నమ్మదగిన వార్త నందించాడు. ఆయన తరువాతివారు ఆ చోటుకు కట్టుబాట్లు చేర్చారు. ఏ ఊరిలో ఏ చిన్న దుకాణం తెరిచేవారికైనా, ఏ సాధనంతో పదిమందిని ఒకచోట చేర్చేవారికైనా, ఈ కథ ఉపకరిస్తుంది. మాటకు చోటివ్వడం సులభమే. ఆ మాట సత్యాన్ని, మర్యాదను తప్పకుండా కాచుకోవడమే అసలైన శ్రమ.