తరిగొండవారి హారతి

బతుకమ్మ పండుగ వేములవాడలో ఇతర గ్రామములకంటె రెండు దినములు ముందుగా ముగియును. అంతటను తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మ జరుగగా, ఇచ్చట ఏడవనాడే జరుగును. ఆ సాయంకాలము తంగేడు, గునుగు పూవులతో పేర్చిన బతుకమ్మలను నడుమ నిలిపి, స్త్రీలు చప్పట్లు చఱచుచు వాని చుట్టును తిరిగి పాడుదురు. ఒకరు చరణ మెత్తుకొనగా తక్కినవారు 'ఉయ్యాలో' అని అందుకొందురు. పిమ్మట బతుకమ్మలను మూలవాగునకు సాగనంపుదురు. అత్తవారింట ఏడవనాటి పండుగ జరుపుకొని, పుట్టినింటికి పోయి తొమ్మిదవనాడు మరల ఆడుకొను కోడండ్రు పెక్కుమంది కలరు. వారితోపాటు పాటలును ఊరు మారుచుండును. ఈ పాటలు కట్టినవారెవరని అడిగినచో, "పెద్దలనాటినుండి వచ్చుచున్నవి" అని మాత్రమే చెప్పుదురు. కట్టినవారు స్త్రీలే. వారి పేర్లు మాత్రము పాటలలో కలిసిపోయినవి.

ఇదే సీమలో పురుషుల పేర్లు నిలుచుటకు కొండరాళ్ళు తోడ్పడినవి. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యులకు రాజధానిగా నుండెను. రెండవ అరికేసరి ఆస్థానమున కన్నడ మహాకవి పంపడు వెలసెను. అతని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంతనున్న బొమ్మలమ్మ గుట్టపై సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలో శాసనము చెక్కించి, అన్నగారి కీర్తిని శాశ్వతము చేసెను. అందలి తెలుగు కందపద్యములు పండితులకు పెన్నిధి. బతుకమ్మ పాట కట్టిన ఇల్లాలికి గుట్టను ఎవరిత్తురు?

అయినను ఱాతి యండ లేకయే, రాజాశ్రయము లేకయే, తన పాటతోపాటు తన పేరును నిలుపుకొన్న తెలుగు వనిత యొకతె కలదు. ఆమె తరిగొండ వెంగమాంబ.

తరిగొండ చిత్తూరు సీమలో గుర్రంకొండకు సమీపమున నున్న గ్రామము. అచ్చటి లక్ష్మీనృసింహాలయము ప్రసిద్ధము. ఆ గ్రామమున సుమారు 1730వ సంవత్సరమున కానాల కృష్ణయ్య, మంగమాంబ అను దంపతులకు వెంగమాంబ జన్మించెను. ఆ కాలమున ఆడపిల్లలకు పసితనముననే వివాహము చేయుచుండిరి. ఆమెకును అట్లే చేసిరి. కొలదికాలమునకే భర్త మరణించెను.

ఆనాడు వితంతువులకు విధింపబడిన జీవితము ఎట్టిదో నేటి బాలికలకు ఊహించుటయు కష్టము. తల వెండ్రుకలు తీయించుకొనవలెను. పసుపు కుంకుమలను, పూవులను విడువవలెను. పెండ్లిపందిరిలో నిలువరాదు, మంగళహారతి పట్టు ముత్తైదువల నడుమ ఆమె చేయి కనబడరాదు. ఈ చివరి నిషేధమును మీరు జ్ఞాపకముంచుకొనుడు. దానితో మనకు మరల పనియున్నది.

వెంగమాంబ ఈ ఆచారమునకు తలయొగ్గలేదు. శ్రీహరియే తన భర్త యని నమ్మి, కేశములను, మంగళచిహ్నములను విడువ నిరాకరించెను. ఒక పీఠాధిపతి ఆజ్ఞచే బలవంతముగా శిరోముండనము చేయింపగా, ఆమె నదిలో మునిగి లేచునప్పటికి కేశములు యథాప్రకారముగా నుండెనని భక్తులు చెప్పుకొందురు. ఈ అద్భుతమును నమ్మినను నమ్మకున్నను, ఒక పల్లెటూరి పడుచు ఊరందరి మాటకు ఎదురు నిలిచిన సంగతి దీనివలన తెలియుచున్నది. అది సామాన్యమైన ధైర్యము కాదు.

మదనపల్లెకు చెందిన సుబ్రహ్మణ్య దేశికుడు ఆమెకు గురువై యోగమును, వేదాంతమును బోధించెను. చిన్ననాట తాను ఏ ఉపాధ్యాయునివద్దను ఓనమాలైనను నేర్వలేదనియు, తరిగొండ నృసింహుడే తనచే పలికించెననియు ఆమె తన గ్రంథమున చెప్పుకొన్నది. ఆమె తొలి రచనలలో నొకటి తరిగొండ నృసింహ శతకము. పిమ్మట తిరుమలలో వేంకటేశ్వరుని గూర్చి వ్రాయునప్పుడు సైతము ఆమె తరిగొండ నృసింహుని విడువలేదు. ఇరువురు నొక్కరే యని భావించి, ఆ నామమునే రచనలలో ముద్రగా నిలిపెను. ముద్ర యనగా పాటను కట్టినవారు తమ గుర్తుగా దానిలో పొదుగుకొను పేరు. మన ధర్మపురి శేషప్పకవి తన నరసింహ శతకమునకు ధర్మపురిని మకుటమున నిలుపుట మీ రెఱిగినదే. ఇదియు నట్టిదే. బతుకమ్మ పాటలకు కొఱవడినది ఈ ముద్రయే.

ఆమె ఎన్నుకొన్న రచనారీతులను గూర్చి కొంత చెప్పవలెను. పద్యకావ్యము రచించు శక్తి లేకకాదు. వేంకటాచల మాహాత్మ్యము అట్టిదే. కాని రాజయోగామృతసారమును, భాగవతమును, వాసిష్ఠ రామాయణమును ఆమె ద్విపదలో రచించెను. ద్విపద రెండు పాదముల ఛందస్సు. ప్రతి పాదమునందును మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము ఉండును. మూడవ గణము మొదటి అక్షరము యతిస్థానము. రెండు పాదములకును ప్రాస కలియవలెను. నడక తేలికగుటచే నలుగురు కూడి పాడుకొనుటకు మిక్కిలి యనువు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునకు దీనినే గ్రహించెను. పండితులు దీనిని కొంత చులకనగా చూచినమాట నిజమే. కాని పుస్తకము పట్టనివారికి చెవిద్వారా వేదాంతము చేరవలెనన్నచో ఇంతకంటె మంచి వాహనము లేదు.

ఆమె యక్షగానములు మఱింత ప్రజలకు దగ్గరివి. యక్షగానము పాడుచు ఆడు నాటకము. తాళమునకు సరిపడు దరువులు, ద్విపదలు, నడుమ చిన్న చిన్న వచనములు, చివర మంగళహారతి ఇందుండును. మన పల్లెలలో చిరుతల రామాయణమును చూచినవారికి ఇట్టి ఆట వింతగా తోపదు. నృసింహుడు చెంచుపడుచును వలచి పెండ్లాడు కథను ఆమె చెంచు నాటకముగా కట్టెను. విష్ణుపారిజాతము, రుక్మిణీ నాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము కూడ ఆమె రచించినవే.

స్వగ్రామమున మనశ్శాంతి దొరకక వెంగమాంబ తిరుమలకు చేరెను. కొంతకాలము దట్టమైన అడవిలోనున్న తుంబురుకోనలో ఏకాంతముగా తపస్సు చేసెనని చెప్పుదురు. కొండపై యాత్రికులకు అన్నదానము చేయించెను. తిరుమలలో 2011వ సంవత్సరమున ఆరంభమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరు పెట్టుటకు కారణ మిదియే. 1817వ సంవత్సరమున ఆమె కొండపైననే దేహము చాలించెను. ఆమె సమాధి నేటికిని అచ్చటనే యున్నది.

తిరుమల ఆలయమున ప్రతి రాత్రియు చివర జరుగు పూజను ఏకాంతసేవ యందురు. వెండి గొలుసులతో వ్రేలాడు పాన్పుపై భోగ శ్రీనివాసమూర్తిని శయనింపజేసి, పాలు, ఫలములు నివేదింతురు. ఆ రజతమూర్తిని సమర్పించినది పల్లవరాణి సామవై. రాణి యగుటచే ఆమె పేరు ఆలయపు ఱాతి కెక్కినది. తాళ్ళపాకవారి వంశీయుడు అన్నమయ్య లాలిపాట పాడును. అన్నమయ్య పాటలు రాగిరేకులపై చెక్కబడియు, భాండాగారమున శతాబ్దములపాటు మరుగుపడి, 1922 ప్రాంతమున మరల వెలుగు చూచినవి. అనగా లోహము కూడ ఒక్కొకప్పుడు మఱచిపోవును.

లాలి ముగియగనే ముత్యాలహారతి. పళ్ళెమున ముత్యములతో అలంకరించి, నడుమ కర్పూరము నుంచి, వెంగమాంబ పేరున వచ్చు ఆ హారతిని స్వామికి ఇత్తురు. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అను మాట ఇందుండియే పుట్టినది. ఏ పెండ్లిపందిరిలోను హారతి పట్టరాదని లోకము ఆజ్ఞాపించిన స్త్రీ పేరనే, రెండు వందల యేండ్లు దాటిన పిమ్మటను, దినదినము ఆ పళ్ళెము లోనికి పోవుచున్నది. హారతి చల్లారిన వెనుక ఆలయద్వారములు మూయుదురు.