కామెర్లకు పసరు, ఆసుపత్రిలో రక్తపరీక్ష: పొత్తు ఎలా కుదరాలి?

కృష్ణానది ఒడ్డున ఉన్న దేవసూగూరు రాయచూరు జిల్లాలోనిది. వంతెన దాటితే తెలంగాణ. ఇరువైపుల గ్రామాలలోనూ కళ్లు పచ్చబడగానే మొదట గుర్తుకు వచ్చేది నేల ఉసిరి పసరు. కన్నడంలో దానినే నెలనెల్లి అంటారు. డాక్టరు వంతు ఆ తరువాతే.

పసరు తాగినవారిలో చాలామందికి నయమవుతుంది. అందులో అబద్ధం లేదు. అయితే కలుషితమైన నీటి ద్వారా సోకే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో మందు లేకున్నా కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. ఘనత మాత్రం పసరుకు దక్కుతుంది. అంతమాత్రాన మొక్కను తేలికగా చూడనక్కరలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి సోకినవారికి నేల ఉసిరి ఇచ్చి, సగానికి పైగా రోగులలో వైరస్ జాడ తొలగిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. తరువాతి పరీక్షలలో ఆ ఫలితం నిలబడలేదు. సర్పగంధ నిలబడింది: అది రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ చూపగా, 1952లో ఆ వేరు నుండి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు.

సంప్రదాయ వైద్యులకూ తగిన శిక్షణతో ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలో చోటు ఉండాలని 1978 నాటి ఆల్మా అటా ప్రకటన పేర్కొన్నది. మన దేశంలో 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఆయుర్వేద, యునాని, హోమియో వైద్యులను నియమించారు. వీరు పట్టాలు పొందినవారు. ఊరిలో పసరు పోసే పెద్దమనిషికీ డాక్టరుకూ మధ్య ఇప్పటికీ మాటలు లేవు. ఆ కబురు మోయవలసింది రోగి కుటుంబమే.

డాక్టరు కోప్పడతాడని పసరు సంగతి దాచడం తగదు. ఏ ఆకు, ఎన్ని రోజులు, చూర్ణమో భస్మమో కలిపారా అన్నది చెప్పాలి, వీలైతే చూపాలి. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. అసలే దెబ్బతిన్న శరీరానికి అది అదనపు భారం. ఇక వాతలు పెట్టడం వలన పుండ్లు తప్ప ఫలితం లేదు.

పసరు కోసం ఒక్కరోజు కూడా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. హెపటైటిస్ ఇ నెలలు నిండుతున్న గర్భిణులలో నూటికి 20 నుండి 25 మంది ప్రాణాలు తీయగలదు. మగత, మాట తడబాటు, రక్తపు వాంతి, చలిజ్వరంతో కుడి డొక్కలో నొప్పి, పుట్టిన మొదటి రోజే పచ్చబడిన పసికందు, ఇవీ అంతే. రాయచూరు వైద్య విజ్ఞాన సంస్థ సుమారు 20 కిలోమీటర్లలోనే ఉన్నది. నదికి ఏ ఒడ్డున ఉన్నవారైనా అంబులెన్సు కోసం పిలవవలసిన నంబరు 108.