స్త్రీపురుష సమరము : ఒక టెన్నిసు పందెమును గూర్చిన చలనచిత్రము

ఆటలయందు గెలుపోటములు సామాన్యములు. ఆట ముగిసిన కొలది దినములకే గెలిచినవారిని గాని ఓడినవారిని గాని తలచుకొనువారు అరుదు. ఏబది యేండ్లు దాటినను లోకము మరువని టెన్నిసు పందెము మాత్రమొకటి కలదు. అది 1973వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలోని హ్యూస్టను నగరమున జరిగెను. ఒక ప్రక్కను 29 ఏండ్ల బిల్లీ జీన్ కింగ్ అను స్త్రీయు, రెండవ ప్రక్కను 55 ఏండ్ల బాబీ రిగ్స్ అను పురుషుడును నిలిచిరి. ఈ వృత్తాంతమును 2017లో చలనచిత్రముగా తీసిరి. దాని పేరు ‘బ్యాటిల్ ఆఫ్ ది సెక్సెస్’. మన భాషలో ‘స్త్రీపురుష సమరము’ అనవచ్చును. జోనతన్ డేటన్, వాలెరీ ఫారిస్ అను దంపతులు దీనికి దర్శకులు. కింగ్ పాత్రను ఎమ్మా స్టోన్, రిగ్స్ పాత్రను స్టీవ్ కారెల్ ధరించిరి. ఆ పందెమెందులకు జరిగినదో, దానివలన నిజముగా తేలినదేమో, చిత్రము దాని నెట్లు చూపినదో ఇచట వివరింప దలచితిని.

కింగ్ 1943లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి లాంగ్ బీచ్ పట్టణమున జన్మించెను. తండ్రి అగ్నిమాపక దళములో ఉద్యోగి. ఇల్లు ధనికులది కాదు. ఇరుగుపొరుగువారికి చిన్నచిన్న పనులు చేసి కూడబెట్టిన సొమ్ముతో ఆ బాలిక తన మొదటి టెన్నిసు బ్యాటును కొనుక్కొనెను. ఆ కుటుంబము దైవభక్తి గలది. వారి సంఘకాపరి బాబ్ రిచర్డ్స్ గడకఱ్ఱతో ఎత్తు దుముకుటలో ఒలింపిక్ స్వర్ణపతకములు రెండుసార్లు గెలిచినవాడు. దేవుని సేవయు దేహదారుఢ్యమును ఒకదానికొకటి విరుద్ధములు కావని ఆమె బాల్యముననే ఆయనయందు చూడగలిగెను. బాల్యమున జరిగిన మరియొక సంగతియు ఆమె మరువలేదు. ఒక టెన్నిసు క్లబ్బులో బాలక్రీడాకారుల ఛాయాపటము తీయునప్పుడు ఆమెను ప్రక్కకు తొలగుమనిరి. పాపము, ఆమె చేసిన తప్పేమి? క్లబ్బు ఆచారము ననుసరించి పావడా ధరింపక, తల్లి కుట్టిన పొట్టిలాగు తొడుగుకొని వచ్చుటయే.

పెద్దదై లోకప్రసిద్ధి నొందిన పిదప సయితము ఆమెను ప్రక్కకు నెట్టుట మానలేదు. 1968లో ఇంగ్లాండునందలి వింబుల్డన్ పోటీలలో పురుషులలో గెలిచిన రాడ్ లేవరుకు 2,000 పౌనులు, స్త్రీలలో గెలిచిన కింగునకు 750 పౌనులు బహుమానముగా ఇచ్చిరి. 1970లో లాస్ ఏంజెలిసు నగరమున జరుగనున్న పోటీలకు పురుషుల మొదటి బహుమానము 12,500 డాలరులనియు, స్త్రీలది 1,500 డాలరులనియు ప్రకటించిరి. ఎనిమిది రెట్లకు మించిన వ్యత్యాసము! ఆ పోటీల నిర్వాహకుడు జాక్ క్రేమర్. పురుషులు బలవంతులు, వేగము గలవారు, జనులు వారి ఆటనే చూడ వత్తురు అనునది అట్టివారి వాదము. స్త్రీల ఆటకును టిక్కెట్లు అమ్ముడగుచున్నవి గదా అని స్త్రీలు ప్రత్యుత్తరమిచ్చిరి. వారు అడిగినది దయ కాదు, లెక్క.

అప్పుడు కింగ్ మొదలగు తొమ్మండుగురు స్త్రీలు ఆ పోటీలను విడిచి, టెన్నిసు పత్రికాధిపతి గ్లాడిస్ హెల్డ్‌మన్ హ్యూస్టనులో ఏర్పరచిన వేరు పోటీలలో ఆడుటకు ఒక్కొక్క డాలరు తీసికొని ఒడంబడికపై చేవ్రాలు చేసిరి. దేశపు టెన్నిసు సంఘమువారు వీరిని తమ పోటీలనుండి బహిష్కరించిరి. జీవనోపాధియే పోవునేమో యను భయమున్నను వీరు వెనుకంజ వేయలేదు. ఇందొక విచారకరమైన సంగతి కలదు. వీరికి ధనసహాయము చేసినది సిగరెట్టుల కంపెనీ. ఆరోగ్యమునకు సాధనమైన ఆట అనారోగ్యమును అమ్మువారి ధనముతో నిలువవలసి వచ్చుట మనము మెచ్చదగినది కాదు. కాని వేరెవ్వరును ముందుకు రాని దినములలో వచ్చిన సహాయమది యని గ్రహించి, తీర్పు తీర్చుటకు ముందు వారి కష్టమును తలపవలెను. 1973 జూనులో ఈ స్త్రీలు తమకొక సంఘమును స్థాపించుకొనిరి. ఆ యేటనే అమెరికా జాతీయ పోటీలలో స్త్రీపురుషుల కిరువురకును 25,000 డాలరుల సమాన బహుమానము మొదటిసారిగా ఇయ్యబడెను.

సరిగా ఈ సమయముననే రిగ్స్ రంగమున ప్రవేశించెను. అతడు 1939లో వింబుల్డన్ పోటీలు గెలిచిన గొప్ప ఆటగాడు. జూదమన్నను, వేడుక మాటలన్నను మిక్కిలి మక్కువ గలవాడు. ఏబది యైదేండ్ల వృద్ధుడనైన నేనే స్త్రీలలో శ్రేష్ఠులను ఓడింపగలనని పంతము పలికెను. కింగ్ మొదట సమ్మతింపలేదు. ఆస్ట్రేలియా దేశస్థురాలగు మార్గరెట్ కోర్ట్ ఒప్పుకొనెను. 1973 మే 13న, అనగా అమెరికనులు మాతృదినమని జరుపుకొను నాడు, రిగ్స్ ఆమెకు పుష్పగుచ్ఛమిచ్చి, పిదప 6-2, 6-1 తేడాతో సులభముగా ఓడించెను. స్త్రీల ఆట విలువలేనిదని పలువురు నవ్వసాగిరి. తాను ఊరకున్నచో మూడేండ్ల శ్రమ నీటిపాలగునని తలచి కింగ్ పంతమును స్వీకరించెను. గెలిచినవారికి లక్ష డాలరులు. ఓడినవారికి ఆ బహుమానములో ఏమియు లేదు.

ఆ రాత్రి 30,472 మంది చూడవచ్చిరి. అప్పటికి ఒక టెన్నిసు పందెమునకు అంత జనసమూహము కూడి యుండలేదు. దూరదర్శనమున చూచినవారు కోట్లకొలది. కింగును పల్లకివంటి ఆసనముపై మోసికొని వచ్చిరి. రిగ్స్ యువతులు లాగిన రిక్షాలో వచ్చెను. అతడామెకు పెద్ద మిఠాయి నీయగా ఆమె అతనికొక పందిపిల్ల నిచ్చెను. ఇదంతయు సంత వేడుక. ఆట ఆరంభమైన పిదప వేడుక ఆగిపోయెను.

టెన్నిసు తెలియనివారికొక మాట. రెండు గేముల ఆధిక్యముతో ఆరు గేములు గెలిచినవారికి సామాన్యముగా ఒక సెట్టు దక్కును. ఈ పందెమున ఐదు సెట్లలో మూడు గెలువవలెను. రిగ్స్ బలముగా కొట్టువాడు కాడు. ఎత్తుగా లేపిన బంతులతోను, వల దాపున జారవిడిచిన బంతులతోను ఎదుటివారిని తికమకపెట్టువాడు. కింగ్ స్వభావముగా వల యొద్దకు ఉరికి కొట్టునది. ఆ రాత్రి ఆమె తన అలవాటును అణచుకొని, ఆటస్థలపు వెనుక గీత యొద్ద నిలిచి, ఓర్పుతో బంతిని ఇటునటు పంపుచు అతనిని పరుగెత్తించెను. మొదటి సెట్టులో 2-3తో వెనుకబడినను చలింపలేదు. కడకు 6-4, 6-3, 6-3 తేడాతో వరుసగా మూడు సెట్లు గెలిచెను. రిగ్స్ కావలెననియే ఓడెనని కొందరు పిదప అనిరి గాని, అది నిజము కాదని అతడే ఖండించెను.

దీనివలన తేలినదేమి? స్త్రీ పురుషునికంటె బలవంతురాలని తేలలేదు. ఇరువదితొమ్మిదేండ్ల యామె ఏబదియైదేండ్ల వానిని గెలుచుటచే అట్టి సిద్ధాంతము స్థిరపడదు. కింగ్ కోరినదియు అది కాదు. పురుషునివలె బలముగా కొట్టగలిగిననే గౌరవమిత్తుమనుట న్యాయము కాదనునదియే ఆమె వాదము. పదేండ్ల బాలుని పరుగును పదునెనిమిదేండ్ల యువకుని పరుగుతో పోల్చి చిన్నవాని బహుమానమును మనము తగ్గించుచున్నామా? ఎవరి పందెము వారిది. ఎవరి శ్రమ వారిది. బలము వేరు, విలువ వేరు. ఈ రెంటిని కలిపి చెప్పుటయే క్రేమరువంటివారి పొరపాటు.

చిత్రము ఈ భేదమును చక్కగా గుర్తించినది. రిగ్సును దుర్మార్గునిగా గాక, ప్రేక్షకుల చప్పట్లకై తహతహలాడు ఒంటరివానిగా చూపినది. నవ్వుచు ఎగతాళి చేయు రిగ్సుకంటె, మర్యాదగా మాటాడుచు తలుపు మూయు క్రేమరే కింగునకు నిజమైన ప్రత్యర్థియని మనకు తోచును. గెలిచిన తరువాత ఆమె ఒంటరిగా గదిలో కూర్చుండి కన్నీరు కార్చు దృశ్యము మనస్సును కదలించును. ఆమె మోసిన భారమెంతటిదో అచటనే తెలియును. 1970 నాటి సంగతులను 1973 నాటి వానితో దగ్గరగా చేర్చుట కథకుల స్వాతంత్ర్యము. వివాహితయైన కింగ్ మరియొక స్త్రీయందు పెంచుకొనిన అనురాగమును గూడ చిత్రము విపులముగా చూపును. అందుచే చిన్న తరగతుల పిల్లలు దీనిని చూచుటకు ముందు తలిదండ్రులు చూచి నిర్ణయించుట మేలు.

ఆ పందెము ఫలము ఒక్కనాట పండలేదు. వింబుల్డన్‌లో సమాన బహుమానము 2007లో గాని రాలేదు. కింగ్, రిగ్స్ మాత్రము కాలక్రమమున మంచి స్నేహితులైరి. 1995లో అతడు మరణించు వరకును ఆ స్నేహము చెడలేదు. నాడు స్త్రీలు స్థాపించుకొనిన సంఘపు పోటీలు మన హైదరాబాదు వరకును వచ్చినవి. 2005 ఫిబ్రవరిలో అచట సానియా మీర్జా గెలిచి, ఆ సంఘపు పోటీలలో ఒంటరి ఆటయందు జయమొందిన మొదటి భారతస్త్రీ అయ్యెను.

తలిదండ్రులకొక మనవి చేసి ముగింతును. ఐదవ తరగతిలో లేడిపిల్లలవలె పరుగెత్తిన బాలికలు తొమ్మిదవ తరగతికి వచ్చునప్పటికి ఒక్కొక్కరుగా ఆటస్థలమునకు రాక మానుచుండుటను ఉపాధ్యాయులమైన మేము ఏటేట చూచుచున్నాము. అడిగినచో, ఇంటిలో వలదనిరని తల వంచుకొని చెప్పుదురు. వారి అన్నదమ్ములు మాత్రము ప్రొద్దుగ్రుంకువరకు ఆడుచునే యుందురు. వీరందరును కింగులు కానక్కరలేదు. తలాంతుల ఉపమానమును మన పిల్లలెల్లరు ఎరుగుదురు. తనకిచ్చిన తలాంతును భూమిలో దాచిన దాసుని యజమానుడు గద్దించెను. తన కూతురికి దేవుడిచ్చిన తలాంతును మరియొకరు పాతిపెట్టినయెడల లెక్క అప్పగింపవలసినవారెవరో మనము యోచింపవలెను.