పంక్తిలో కూర్చోని పిల్లాడు

కంకిపాడు వైపు ఏ కల్యాణమండపంలోనైనా మూడో పంక్తి వేళకి వెళ్లి చూడండి. మైకులో పాటలు, బకెట్ల చప్పుడు, ఆకులో ముద్దపప్పుకి తగులుతూ గోంగూర, దాని పక్కకే జారుతున్న పులుసు. ఇంట్లో పెరుగన్నం ఇష్టంగా తినే నాలుగేళ్ల పిల్లాడు అదే పెరుగన్నం ఇక్కడ పెడితే చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు. ‘‘అంతా తల్లి గారాబం’’ అంటారు పక్క విస్తరి వాళ్లు.

ఆటిజం ఉన్న పిల్లల తల్లులు ఈ మాట పడీపడీ అలిసిపోయారు. ఇది గారాబం కాదు. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే తిండి దగ్గర పేచీల ప్రస్తావన ఉంది. అక్కడే 2019లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి 70 మందికి అసాధారణమైన తిండి అలవాట్లు కనిపించాయి. ఏ ఎదుగుదల సమస్యా లేని పిల్లల్లో అలాంటివాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు.

ఈ పిల్లల్లో చాలామందికి వాసన, రంగు, చప్పుడు, నోట్లో తగిలే మెత్తదనం మనకన్నా గట్టిగా తెలుస్తాయి. వంకాయ కూరలో గింజలు, తొక్క, గుజ్జు మూడూ మూడు రకాలుగా తగులుతాయి. ఇడ్లీ అలా కాదు. నిన్నటి తెలుపే, నిన్నటి మెత్తదనమే. అందుకే కొందరు ఇడ్లీ, తెల్లన్నం, ఒకే రకం బిస్కెట్ దగ్గర ఆగిపోతారు. బిస్కెట్ ప్యాకెట్ రంగు మారితే అదీ వద్దంటారు.

చోటు మారితే తిండీ మారుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం రోజుకో రకం. మిగతా పిల్లలు ఎదురుచూసే ఆ మార్పే వీళ్లకి బెదురు, పైగా వరుసలో తోపులాట, ఉడికిన గుడ్డు వాసన. కొందరిది ఇందుకు తలకిందులు. రోజూ అదే గంట, అదే చోటు, అదే పళ్లెం ఉండటంతో ఇంట్లో ముట్టనిది బడిలో తినేస్తారు. కాబట్టి ఏం తిన్నాడనే కాక ఎక్కడ, ఎవరి పక్కన తిన్నాడో కూడా టీచరూ తల్లీ చెప్పుకోవాలి.

ముక్కు మూసి నోట్లో కుక్కితే ఉన్న ఇష్టమూ పోతుంది. కొత్త కూర మొదట పళ్లెం అంచున ఉంటే చాలు. తర్వాత వేలితో తాకడం, వాసన చూడటం, నాలుకకి అద్దుకోవడం. ఒక్కో మెట్టుకి వారాలు పట్టొచ్చు. పెళ్లికైతే తొలి పంక్తికన్నా ముందే, ఇంటి డబ్బాతో, ఓ మూల కూర్చోబెట్టి తినిపించేస్తే సరి. చుట్టాలు ఆ డబ్బా చూసి ఏమీ అనకుండా ఉంటే అదే పెద్ద సాయం.

ఒక్క జాగ్రత్త మాత్రం వాయిదా వేయకూడదు. పంటి నొప్పి, మలబద్ధకం, గుండెల్లో మంట ఉన్నా మాటలు రాని పిల్లాడు చెప్పలేడు, తిండి మానేస్తాడంతే. పళ్లూ కూరలూ బొత్తిగా ముట్టక సి విటమిన్ లోపంతో చిగుళ్ల నుంచి రక్తం కారి, కాళ్ల నొప్పులతో నడవలేని స్థితికి వచ్చిన పిల్లల కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. తినే రకాలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరుకి చూపించాల్సిందే.